పాత మోటారుబండి: చుక్కానియు, కమానులును

మోటారుబండికి వచ్చు జబ్బులు రెండు తెగలు. మొదటి తెగ జబ్బు బండిని నిలిపివేయును. ఇంజిను చెడినను, పెట్రోలు అందకపోయినను, బ్యాటరీ సత్తువ తగ్గినను బండి దారిలో ఆగిపోవును. మనకు ఎండలో నడక తప్పదు గాని ప్రాణభయము లేదు. రెండవ తెగ జబ్బు బండిని ఆపదు. చక్రములను మరల్చు కీళ్లు అరిగిపోయినను, చక్రములను పట్టి యుంచు కమానులు బలహీనపడినను బండి నిన్నటివలెనే నేడును పరుగెత్తును. కీలు ఊడిన నాడు మాత్రము అది మన మాట వినదు. అందుచేత పాత బండిని ఉంచుకొన్నవారు ఇంజిను కంటె ముందుగా స్టీరింగును, కమానులను చూచుకొనవలెనని నా మనవి. నేటి ప్రసంగము దానిని గూర్చియే.

ఈ విషయమును గ్రామములలోని పెద్దలకు చెప్పుటకు కారణము కలదు. పశువుల పాకలోనో, ధాన్యపు కొట్టు ప్రక్కనో ఏండ్ల తరబడి నిలిచిన తాతగారి కారును మనుమలు వెలుపలికి లాగి, రంగు వేయించి, తోమించి, పూలదండలు కట్టి, పెండ్లికొడుకును ఊరేగించుట యిప్పుడొక వేడుక. ఆ ఉత్సాహము మెచ్చదగినదే. పెద్దల వస్తువును పిల్లలు గౌరవించుట కంటె కావలసిన దేమున్నది? అయితే రంగు పడునది కంటికి కనబడు భాగమునకు. బండిలోనివారి ప్రాణము ఆధారపడినది కంటికి కనబడని భాగముమీద. ఆ భాగమును చూడుడని చెప్పుటకు ఇంటిలో పెద్ద యొకడు ఉండవలెను.

మీకు ఈ శాస్త్రము కొత్తదియు కాదు. గడ్డిమసిని ఆముదముతో నూరి ఇరుసునకు కందెన పెట్టనిదే మన పూర్వులు దూరప్రయాణమునకు బండి కట్టెడివారు కారు. కడచీల ఊడిన చక్రము ఏమి చేయునో చిన్న పిల్లవానికిని తెలిసియుండెను. మోటారుబండిలో కీళ్లు ఎక్కువైనవి, చీలలు ఎక్కువైనవి, వేగము ఎక్కువైనది. న్యాయము మాత్రము ఎడ్లబండి నాటి న్యాయమే.

అన్ని కార్లను గూర్చి ఒక్కసారి చెప్పినచో ఏదియు తెలియదు. కావున ఒక్క కారును తీసికొని చెప్పెదను. అది మారిస్ మైనరు. నేను అట్టి దానిని ఒకదానిని చాలకాలముగా పోషించుచున్నాను. చెప్పబోవు సంగతులలో అనేకము దాని క్రింద పండుకొని నేర్చినవే.

ఈ కారు 1948లో లండను నగరమునందలి ఎర్ల్స్ కోర్టు ప్రదర్శనమున మొదట కనబడినది. దీనిని కల్పించినవాడు అలెక్ ఇసిగోనిస్. ఆయన 1906లో స్మిర్నా నగరమున, అనగా నేటి తుర్కీ దేశపు ఇజ్మీరులో, జన్మించెను. 1959లో వచ్చిన మినీ అను చిన్న కారును కూడ ఆయనయే కల్పించెను. మైనరు నమూనా సిద్ధమైన పిమ్మట అది మరీ ఇరుకుగా నున్నదని ఆయనకు తోచి, దానిని నిలువున రెండుగా కోయించి, సగములను ఎడముగా జరిపి, 4 అంగుళముల వెడల్పు పెంచెను. ఇంజిను మూతమీద నడుమ నున్న చదునైన పట్టీ ఆ వెడల్పునకు నేటికిని సాక్ష్యము. మొదటి మైనరు ఇంజిను యుద్ధమునకు పూర్వపు పాత ఇంజిను. దాని పరిమాణము 918 సి.సి. మాత్రమే. దానిని చూచి ఎవరును ఆశ్చర్యపడలేదు. వారు మెచ్చినది ఆ కారు నడకను. వంపులలో అది రోడ్డును పట్టుకొని పోవు తీరును, వ్రేలితో త్రిప్పినను చక్రము మాట విను తీరును జనులు కొనియాడిరి. బ్రిటిషు కార్లలో 10 లక్షలు దాటిన మొదటిది ఇదియే. మన దేశమున హిందూస్థాన్ మోటార్సు వారు దీనినే బేబీ హిందూస్థాన్ అను పేర అమ్మిరి. మీరందరు ఎరిగిన అంబాసిడరు, 2014 వరకు ఉత్తరపారాలో తయారైనది, ఈ మారిస్ కుటుంబములోనిదే.

ఇట్లు ఈ కారునకు కీర్తి తెచ్చినది దాని స్టీరింగును, కమానులును. సంరక్షణ లోపించినచో అపాయము తెచ్చునవియు అవియే. కనుక వాని ఏర్పాటును ముందు తెలిసికొందము.

వెనుక చక్రములకు ఉక్కు పట్టీల కమానులు కలవు. అవి జట్కాబండి క్రింద మీరు చూచినవే: పొడవు పట్టీమీద పొట్టి పట్టీలను పేర్చి కట్టిన కట్టలు. ముందు చక్రముల ఏర్పాటు వేరు. అక్కడ పట్టీలు లేవు. కారు నేలకు క్రిందుగా, ముందునుండి వెనుకకు, ఇరుప్రక్కల ఒక్కొక్క గుండ్రని ఉక్కుకడ్డీ కలదు. దాని వెనుక కొన కారు అడ్డుదూలమునకు బిగింపబడి కదలకుండ నుండును. ముందు కొన చక్రమును మోయు క్రింది చేతికి తగిలింపబడి యుండును. చక్రము గతుకు మీదికి ఎక్కినపుడు ఆ చేయి పైకి లేచి కడ్డీని మెలిపెట్టును. తడి పంచెను ఒకరు కదలకుండ పట్టుకొని, రెండవవారు మెలిపెట్టి వదలినచో అది ఎట్లు విప్పుకొనునో, ఆ కడ్డీయు అట్లే విప్పుకొని చక్రమును మరల నేలకు దించును. దీనిని మెలిక కమాను అనవచ్చును.

చక్రము ప్రక్కకు తిరుగుటకు నిలువుగా నొక చీల కలదు. తలుపునకు బందు ఎట్టిదో చక్రమునకు ఈ చీల అట్టిది. దాని పై కొనకును, క్రింది కొనకును మరలు చెక్కబడి యుండును. ఆ మరలమీద ట్రనియన్ అను లోహపు దిమ్మ లెక్కి కూర్చుండును. క్రింది దిమ్మ క్రింది చేతిని, పై దిమ్మ పై చేతిని పట్టుకొనును. చోద్యమేమనగా, క్రింది దిమ్మలోని ఆ కొద్ది మరచుట్లమీదనే ఆ మూల యొక్క బరువు నిలిచి యున్నది. ఎడమ ప్రక్క మరలు ఒక దిక్కునకు, కుడి ప్రక్క మరలు వేరొక దిక్కునకు తిరుగును. కావున ఒక ప్రక్క దిమ్మను రెండవ ప్రక్కకు వాడరాదు.

ఇక్కడనే అపాయము దాగి యున్నది. కందెన యెండినపుడు దుమ్ము, నీరు ఆ మరలలోనికి చేరును. చక్రము తిరిగినప్పుడెల్ల ఇసుక ఆకురాయివలె పనిచేయును. మరల గట్లు క్రమముగా సన్ననై కత్తివాదరవలె నగును. తుదకొకనాడు దిమ్మ మరలనుండి జారిపోవును. వెంటనే చక్రము ప్రక్కకు ఒరిగి మడ్గార్డు క్రింద మడుగులొత్తును. కారు ముక్కు నేలకు ఆనును. ఇది తరచుగా చక్రమును పూర్తిగా మరల్చి మెల్లగా వెనుకకు నడుపు సమయమున జరుగునని ఈ కార్లు ఎరిగినవారు చెప్పుదురు. అది అదృష్టము. రోడ్డుమీద వేగముగా పోవునపుడు జరుగదని ఎవరును పూచీ పడలేరు.

దీనికి మందు కందెనయే. ప్రతి చీలకును పైన నొకటి, క్రింద నొకటి, గ్రీజు ఎక్కించు నిప్పిళ్లు కలవు. తొలి కార్లతో ఇచ్చిన పుస్తకములలో 1000 మైళ్లకు, అనగా సుమారు 1600 కిలోమీటర్లకు, ఒకసారి గ్రీజు పెట్టవలెనని యున్నది. కాని పండుగలకు, పెండ్లిండ్లకు మాత్రము కదలు బండి ఏడాదిలో అంత దూరము పోదు. దానికి మైళ్ల లెక్క చాలదు. నెలల లెక్క వేయవలెను. మూడు నెలల కొకసారియు, వాగు దాటినను, వానలో తడిసినను వెంటనే యొకసారియు పెట్టుట నా అలవాటు.

పెట్టు పద్ధతి యొకటి కలదు. ముందు నిప్పిలును గుడ్డతో శుభ్రముగా తుడువవలెను. లేనిచో దానిమీది మట్టిని మన చేతులార లోనికి నెట్టినవార మగుదుము. తరువాత కారును ఎత్తి చక్రమును గాలిలో వ్రేలాడనీయవలెను. చక్రము నేలమీద నున్నపుడు బరువు మోయు మరలు ఒకదాని నొకటి గట్టిగా నొక్కుకొని యుండుటచే గ్రీజు అచ్చటికి చేరదు. వ్రేలాడునపుడు ఆ సందు వదులై గ్రీజు లోనికి పోవును. పాత నల్ల గ్రీజు వెలుపలికి వచ్చి, దాని వెనుక కొత్తది కనబడు వరకు గ్రీజు గన్నును నొక్కవలెను. ఎంత నొక్కినను రానిచో నిప్పిలు పూడుకొన్నదని గ్రహించి దానిని మార్పించవలెను గాని, పెట్టితి మనిపించుకొని పోరాదు.

ఇంకొక మాట. ఒక కారు ధర్మము వేరొక కారునకు చెల్లదు. 1961 మొదలు మదరాసులో తయారైన స్టాండర్డు హెరాల్డు కారునకును ఇట్టి దిమ్మలే కలవు. కాని దాని క్రింది దిమ్మకు గ్రీజు కాక చిక్కని గేరు చమురు వాడవలెనని ఆ కారు పుస్తకము చెప్పుచున్నది. ఒకే ఊరి వైద్యుడని ఇద్దరికి ఒకే మాత్ర ఇచ్చినచో ఎట్లు? ఏ కారునకు ఆ కారు పుస్తకమే ప్రమాణము.

పరీక్ష చేయుటకు ముందు ఒక హెచ్చరిక. జాకీ బండిని ఎత్తుటకే గాని మోయుటకు కాదు. చదునైన గట్టి నేలమీద బండిని నిలిపి, నేలమీదనే యుండు చక్రములకు ముందు వెనుకల అడ్డుదిమ్మెలు పెట్టి, జాకీతో ఎత్తిన పిమ్మట గట్టి ఇనుప స్టాండుమీద దించవలెను. ఇటుకలమీద నిలుపరాదు, అవి చెప్పక పగులును. జాకీమీద మాత్రమే యున్న బండి క్రింద తల పెట్టుట కంటె బావిలోనికి తలక్రిందుగా దిగుట మేలు.

చక్రము గాలిలో నున్నపుడు పై అంచున ఒక చేయి, క్రింది అంచున ఒక చేయి వేసి, ఒకటి లాగుచు ఒకటి నెట్టుచు ఊపవలెను. కదలిక తోచినచో రెండవ మనిషిని బ్రేకు త్రొక్కుమనవలెను. బ్రేకు త్రొక్కగానే ఆ వదులు పోయినచో దోషము చక్రపు బేరింగులోనిది. పోనిచో నిలువు చీలలోనిది. అది పెద్ద దోషము. తరువాత చేతులను చక్రపు ఎడమ, కుడి అంచులమీద వేసి ఊపవలెను. ఆ కదలిక స్టీరింగు కడ్డీల కొనలనున్న గుండు కీళ్లను, లేక స్టీరింగు పెట్టెను చూపించును. ఈ రెండు పరీక్షలకు పది నిమిషములు చాలును, పైస ఖర్చు లేదు.

ఒకప్పుడు పెండ్లికై సిద్ధపరచిన ఇట్టి కారు నొకదానిని నన్ను చూడుమనిరి. దాని రంగు అద్దమువలె నుండెను. నేను ముందు చక్రమును ఎత్తించి ఊపితిని. బ్రేకు త్రొక్కినను అది వ్రేలి వెడల్పున కదలుచుండెను. సంగతి చెప్పగా యువకులకు కష్టము తోచినది. పూలు కట్టియుండిరి, ముహూర్తము దగ్గరపడినది, ఇంతవరకు నడిచినదే గదా యని వారి వాదము. ఆ ఇంటి వృద్ధులు ఒక్క మాట అనిరి: “ఇంతవరకు నడిచినది కనుకనే ఇక నడువరాదు.” పెండ్లికొడుకు వేరొక బండిలో పోయెను. ఆ వారమే చీలను విప్పించి చూచితిమి. క్రింది మరలలో సగము మాయమై యుండెను. మిగిలినవి గోటితో గీచినను తగిలీ తగులనట్లుండెను. ఆ వృద్ధులు స్పానరు పట్టి యెరుగరు. కాని ఆ బండికి ఆనాడు అవసరమైన పని చేసినవారు వారే.

ఇక స్టీరింగు. మైనరు స్టీరింగు చాల సరళమైనది. పండ్లు గల పొడవైన కడ్డీ యొకటి అడ్డముగా నుండును. పండ్లు గల చిన్న చక్ర మొకటి దానిని ఇటునటు నెట్టును. కడ్డీ యిరుకొనల నుండి చక్రములకు సన్న కడ్డీలు పోవును. ఈ పెట్టె కొనలకు ముడుతల రబ్బరు సంచులు తొడిగియుందురు. ఆ సంచి చిరిగినచో లోపలి చమురు బయటికి, బయటి దుమ్ము లోపలికి పోవును. సంచి వెల స్వల్పము. పెట్టె వెల అధికము. కావున ముడుతలను చేతితో విప్పి చూచి, చీలిక కనబడిన నాడే సంచిని మార్పించి, చెప్పిన చమురు నింపించవలెను. కడ్డీ కొనల కీళ్లను చూచుటకు ఒకరు స్టీరింగును కొంచెము కొంచెము కదలించుచుండగా, రెండవవారు ప్రతి కీలుమీద చేయి వేసి యుంచవలెను. కంటికి కనబడని వదులు చేతికి తెలియును. కీళ్ల నట్టులకు తొడుగు చీలను ఒకసారి తీసినపిమ్మట మరల వాడరాదు. అది మన కడచీల వంటిది, దాని ఖరీదు కానులలో నున్నది, దాని పని ప్రాణములలో నున్నది.

నిలిచియున్న బండి చక్రములను బలవంతముగా మరల్చుట మంచిది కాదు. కీళ్లన్నిటిమీదను ఆ బరువు పడును. బండిని మెల్లగా కదలనిచ్చుచు మరల్చినచో శ్రమ సగమగును, అరుగుదలయు తగ్గును.

గతుకులలో బండి ఊపును అణచుటకు డ్యాంపర్లు కలవు. మైనరులో ముందు డ్యాంపరు చేయియే చక్రమునకు పై చేయి. కావున అది రెండు కొలువులు చేయుచున్నది. దానిలోపల నూనె యుండును. కారు మూలను రెండు చేతుల నొక్కి వదలినచో అది లేచి నిలువవలెను. ఉయ్యాలవలె రెండు మూడు మారులు ఊగినచో నూనె తగ్గినదనియో, డ్యాంపరు అరిగినదనియో అర్థము. మూత విప్పుటకు ముందు చుట్టునున్న మట్టిని బాగుగా తుడిచి, దానికి చెప్పిన నూనెనే పోయవలెను. బ్రేకు నూనె పోయరాదు. దానిని పట్టియుంచు బోల్టుల బిగువును కూడ చూడవలెను.

మెలిక కడ్డీని సుత్తితో గాని ఉలితో గాని తాకనీయరాదు. నున్నని ఉక్కుమీద చిన్న గాటు పడినను, ఏనాడో ఆ గాటునుండియే అది విరుగును. విప్పినచో ఏ ప్రక్క కడ్డీని ఆ ప్రక్కనే పెట్టవలెను. ఏండ్ల తరబడి ఒక దిక్కునకు మెలిపడిన ఉక్కును వేరొక దిక్కునకు మెలిపెట్టిన అది ఓర్వదు. వెనుక కమానులలో పట్టీ విరిగినదేమో, వానిని ఇరుసునకు బిగించిన బోల్టులు వదులైనవేమో, కొనల రబ్బరు బుష్షులు నలిగినవేమో చూడవలెను. బండి ఒక ప్రక్కకు ఒరిగి నిలిచినచో కమాను తన కష్టము చెప్పుకొనుచున్నదని తెలియవలెను. మైనరు నలుగురి బండి. ఎనమండుగురిని ఎక్కించి కమానును నిందించుట ధర్మము కాదు.

కమాను ఎంత మంచిదైనను అది తగులుకొన్న చోటు గట్టిది కావలెను. ఈ కారునకు వేరుగా చట్రము లేదు. రేకు శరీరమే బరువును మోయును. మెలిక కడ్డీలు బిగిసిన అడ్డుదూలమును, వెనుక కమానుల ముందు కొనలు తగులు చోట్లును త్రుప్పునకు మిక్కిలి ఇష్టమైనవి. పశువుల పాకలోని తేమయు, సముద్రతీరపు ఉప్పుగాలియు ఆ త్రుప్పును పోషించును. దానిమీద నల్లరంగు పూసి దాచుట సులభము. కనుక మొనగల పనిముట్టుతో పొడిచి చూడవలెను. గట్టిగా మ్రోగినచో మేలు. లోనికి దిగినచో రేకును కోయించి కొత్త లోహము అతికించువరకు బండిని కదల్పరాదు.

టైర్లు మంచి సాక్షులు. టైరు రెండంచులు అరిగినచో గాలి తక్కువ. ఒక దిక్కునకు రంపపు పండ్లవలె అరిగినచో ముందు చక్రముల వరుస తప్పినది. మైనరులో ముందు చక్రములు ఇంచుక లోనికి చూచుచుండవలెను: ముందు అంచుల నడిమి దూరము వెనుక అంచుల నడిమి దూరము కంటె అంగుళములో 32వ పాళ్లు 3 మాత్రము తక్కువ. ఇరు టైర్లమీద చక్రపు నడిమి ఎత్తున వెనుక వైపు సుద్దతో గురుతు పెట్టి కొలిచి, ఆ గురుతులే ముందునకు వచ్చునట్లు బండిని నెట్టి మరల కొలిచిన తేడా తెలియును. కాని అరిగిన కీళ్లను మార్చక వరుసను సరిచేయుట, పునాది కదలిన గోడకు సున్నము వేయుట వంటిది.

కావున, ఆర్యులారా, మీ ఇంటి పాత బండిని రోడ్డునకు తీయుటకు ముందు మీరు స్పానరు పట్టనక్కరలేదు. ఐదు ప్రశ్నలు అడిగిన చాలును. గ్రీజు పెట్టి యెన్ని నెలలైనది? చక్రమును ఎత్తి ఊపి చూచితిరా? రబ్బరు సంచులు బాగున్నవా? కమానులు తగులు చోట్ల త్రుప్పును పొడిచి చూచితిరా? ఎందరెక్కుచున్నారు? ఈ ప్రశ్నలకు తేదీలతో జవాబులు వ్రాయుటకు బండిలో నొక చిన్న పుస్తకము ఉంచుడు. జవాబు “చూడలేదు” అయినచో తాళపుచెవి మీ మొలలో నుంచుకొనుడు. ముహూర్తమునకు వేరొక బండి దొరకును. బండిలో కూర్చుండు పిల్లలు వేరే దొరకరు.